ఫే నవల చదివి నికరమైన అభిప్రాయం రాయడం ఎలా

ఫేలు అంటే ఐరోపా జానపద కథల్లోని మాయావి జాతి. వాళ్ల చుట్టూ అల్లిన ఫే నవలల మీద తెలుగులో వచ్చే అభిప్రాయాలు చాలావరకు రెండు ముక్కల్లో తేలిపోతాయి. హీరో అదిరిపోయాడు, లేకపోతే హీరోయిన్‌కి బుద్ధి లేదు. ఆ పుస్తకానికి డబ్బు పెట్టాలా వద్దా అని చూసేవాళ్లకు ఈ రెండూ అక్కరకు రావు. కథ తను పెట్టుకున్న నియమాన్ని తనే తప్పిందా? ప్రేమ నమ్మేలా ఉందా? చీకటి కథలోనే ఉందా, నల్ల అట్ట మీదే ఉందా? వాళ్లు తెలుసుకోవాలనుకునేది ఇది.

ఈ నవలలు నడిచేది బేరం మీద. ఎవరు ఎవరికి ఏ మాటల్లో మాటిచ్చారు, ఆ మాటల్లో సందు ఎక్కడుంది, చివరికి వెల ఎవరు కట్టారు అన్నది పట్టుకుంటే మిగతా అభిప్రాయం వెంటే వస్తుంది. విశాఖవాళ్లకు ఇదేం కొత్త విద్య కాదు. పగలూ రాత్రీ చావకూడదు, ఇంటా బయటా చావకూడదు, మనిషి చేతా మృగం చేతా చావకూడదని వరం పుచ్చుకున్నవాడు సంధ్యవేళ, గడప మీద, నరసింహుడి గోళ్లకు దొరికిపోయాడని సింహాద్రి అప్పన్న కొండెక్కిన ప్రతి పిల్లకీ తెలుసు. ఫే నవలని ఆ చెవితోనే వినాలి.

1. ముందు ఏ అర (షెల్ఫ్) పుస్తకమో తేల్చుకోండి

అట్ట చూసి నిర్ణయించకండి. ముళ్లతీగ, కిరీటం, నలుపు మీద బంగారు అక్షరాలు ఇప్పుడు అన్నిటికీ వేస్తున్నారు. కథలోంచి ప్రేమను మనసులోనే తీసేసి చూడండి. మిగిలింది కథగా నిలబడితే ఫాంటసీ, కుప్పకూలితే పారానార్మల్ రొమాన్స్, అంటే మానవాతీత పాత్రలతో నడిచే ప్రేమకథ. బస్సులూ ఫోన్లూ ఉన్న నగరంలో ఒక హత్యో దర్యాప్తో ముందు నడుస్తూ, ప్రేమ దాని వెనక వస్తుంటే అర్బన్ ఫాంటసీ.

ఇది ముందే తేల్చకపోతే అభిప్రాయం మొత్తం పక్కదారి పడుతుంది. రొమాన్స్ అని అమ్మే నవలలో జంట చివరికి కలవడం పాఠకుడితో కుదిరిన ఒప్పందం. 'కలుస్తారని ముందే తెలిసిపోయింది' అని రాయడమంటే, పల్లవి మళ్లీ మళ్లీ వస్తోందని కీర్తనని తప్పుపట్టడమే. ఎలా కలిశారు, దానికి ఏం పోగొట్టుకున్నారు అని అడగండి.

పాఠకుల వయసు కూడా ఇక్కడే చూసుకోవాలి. సారా జె. మాస్ రాసిన 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015లో వచ్చినప్పుడు టీనేజీ అరలో ఉండేది. 2020లో కొత్త అట్టలు వేసి పెద్దల అరకు మార్చారు. పాత అట్ట కాపీ చూసి పదో తరగతి పిల్ల చేతికి ఇచ్చేస్తే ఇంట్లో గొడవే. హాలీ బ్లాక్ 'ది క్రూయెల్ ప్రిన్స్', 2018, టీనేజీ నవలే. రక్తం ధారాళంగా ఉంటుంది, పడకగది దృశ్యాలు ఉండవు.

2. కాపీ, వరస

ఫుట్‌పాత్ మీద సగం ధరకు దొరికే కాపీ కొనేముందు పేజీ నంబర్లు తిప్పి చూడండి. పుస్తకాలు ఫారాల లెక్కన అచ్చవుతాయి, ఫారానికి సాధారణంగా 16 పేజీలు. దొంగ ముద్రణలో ఒక ఫారం ఎగిరిపోవడమో రెండుసార్లు పడడమో మామూలే. 160 తర్వాత 177 కనిపిస్తే అక్కడికక్కడే పెట్టేయండి. బేరం జరిగిన పేజీలే ఎగిరిపోతే, ఆ తర్వాత కథ అర్థం కాక మీరు రచయిత్రిని తిడతారు. కాగితం అవతలి అచ్చు ఇవతలికి కనపడడం, పక్క మార్జిన్ ఏటవాలుగా ఉండడం కూడా దొంగ కాపీ గుర్తులే.

వరస తప్పితే నష్టం ఇంకా ఎక్కువ. ఈ సిరీస్‌లు రెండు రకాలు. కొన్నిట్లో ప్రతి భాగానికీ కొత్త జంట ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టినా చదువుకోవచ్చు. కొన్నిట్లో ఒకే కథ భాగాలుగా సాగుతుంది. కారెన్ మేరీ మోనింగ్ ఫీవర్ సిరీస్‌లో 2006లో వచ్చిన 'డార్క్‌ఫీవర్' నుంచి 2011లో వచ్చిన 'షాడోఫీవర్' దాకా ఐదు పుస్తకాలూ కలిపి ఒక్క కథ. చెల్లెలిదో అక్కదో హత్య జరిగిన ఊరికి వెతుక్కుంటూ వెళ్లడం కథల్లో పాతదే, ఇక్కడ అది డబ్లిన్. మొదటి భాగం చదివి 'ప్రేమ ఎక్కడా లేదు' అని రాస్తే పుస్తకానికి అన్యాయం, చదివేవాళ్లకు తప్పుదారి. మీ అభిప్రాయం ఎన్నో భాగం దగ్గర ఆగి రాస్తున్నారో మొదటి వాక్యంలోనే చెప్పండి.

విశాఖలో పుస్తకానికి ఇంకో శత్రువు గాలిలో తేమ. సముద్రం వైపు గోడకు ఆనించి బీరువా పెడితే అక్టోబరు, నవంబరు వానల తర్వాత పేజీ అంచుల్లో గోధుమరంగు చుక్కలు లేస్తాయి. గోడకూ బీరువాకూ మధ్య బెత్తెడు ఖాళీ వదలండి, అరకు రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి, నెలకోసారి నీడలో ఆరబెట్టండి. ఎండలో మాత్రం పెట్టకండి, అట్ట వంకర తిరిగిపోతుంది. ఇప్పుడు ఫ్యాషన్‌గా వస్తున్న రంగు అంచుల పుస్తకాలు తేమకి అతుక్కునే అవకాశం ఉంది, కొనగానే ఒకసారి పేజీలన్నీ విడదీయండి.

3. నియమాల చిట్టా దగ్గర పెట్టుకోండి

ఫేలు అబద్ధం ఆడలేరు. ఇనుము వాళ్లని కాలుస్తుంది. అసలు పేరు తెలిసినవాడికి లోబడిపోతారు. వాళ్ల తిండి తిన్న మనిషి తిరిగి రాలేడు, వచ్చినా ఇంటి అన్నం సయించదు. కృతజ్ఞతలు చెబితే బాకీ ఒప్పుకున్నట్టే. అక్కడ ఒక రాత్రి గడిస్తే ఇక్కడ ఏళ్లు గడిచిపోతాయి. ఉప్పు, రోవన్ అనే చెట్టు కాయలు, తిరగేసి తొడుక్కున్న బట్టలు మాయ నుంచి కాపాడతాయి. నవలలన్నీ కాస్త అటూ ఇటూగా ఈ సరుకే వాడతాయి.

ఫేలలో రెండు వర్గాలకు పెట్టే సీలీ, అన్‌సీలీ అనే పేర్లు స్కాట్లాండ్ జానపదంలోవి. మొదటివాళ్లు కొంత నయం, రెండోవాళ్లు ఊరికే హాని చేసే రకం. అబెర్‌ఫాయిల్‌లో పాస్టరుగా ఉన్న రాబర్ట్ కర్క్ ఇలాంటి నమ్మకాల్ని 1690ల మొదట్లో గ్రంథంగా రాసిపెట్టాడు, అది అచ్చయింది 1815లో. ఒక్క పాత పాట మాత్రం తప్పకుండా చదవండి, టామ్ లిన్. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ ఇచ్చిన పాఠం 1796లో అచ్చయింది. ఫేలు ఏడేళ్లకోసారి నరకానికి కప్పం కట్టాలి. ఈసారి కప్పం తనేనని టామ్ లిన్ భయం. కడుపుతో ఉన్న జానెట్ హాలోవీన్ రాత్రి అతన్ని గుర్రం మీంచి లాగి పట్టుకుంటుంది. అతను పామవుతాడు, ఎలుగుబంటి అవుతాడు, ఎర్రగా కాలిన ఇనుమవుతాడు, ఆమె వదలదు. ఫే ప్రేమ నవలల్లో 'పట్టిన చెయ్యి వదలకపోవడం' అనే ఘట్టం వచ్చినప్పుడల్లా దీన్ని పక్కన పెట్టి కొలవండి. జానెట్ ఎర్రగా కాలిన ఇనుమునీ వదల్లేదు. మీ నవలలో హీరోయిన్ దేన్ని పట్టుకుని వదల్లేదు?

ఈ చిట్టా చేతిలో ఉన్నవాళ్లు చేసే తప్పు ఒకటుంది. రచయిత ఏదో నియమం వదిలేయగానే 'రీసెర్చ్ చేయలేదు' అని రాసేస్తారు. మాస్ నవలలో ఫేలు అబద్ధం ఆడగలరు, ఇనుము వాళ్లని ఏమీ చేయదు, యాష్ చెట్టు కర్రే వాళ్లకి దెబ్బ. మనుషుల నమ్మకం తప్పని కథలోనే తేలుతుంది. అది లోపం కాదు, ఎత్తుగడ. కథ చెప్పని నియమాన్ని మీరు దాని నెత్తిన రుద్దకండి. చెప్పిన నియమాన్ని తప్పితే మాత్రం వదలకండి.

4. చదువుతూ గుర్తులు పెట్టడం

మూడు రంగుల అంటించే చీటీలు చాలు. పసుపు నియమానికి, ఎరుపు బేరానికి, నీలం ఎవరో ఒకరు వద్దనే వీలుండి కూడా ఎంచుకున్న క్షణానికి. మొదటి 50 పేజీల్లో పసుపు తప్ప పెట్టకండి, లోకం ఇంకా పరుచుకుంటూ ఉంటుంది. 400 పేజీల నవలకు మొత్తం 25 చీటీలు దాటాయంటే మీరు నచ్చిన డైలాగులకు పెడుతున్నారన్నమాట. గ్రంథాలయం పుస్తకమైతే చీటీలు అంటించొద్దు, తెల్ల కాగితం మీద పేజీ నంబరూ రంగూ రాసుకోండి. సొంత పుస్తకమైనా అభిప్రాయం రాశాక తీసేయండి, మన తేమకి నెలల తరబడి ఉంటే జిగురు మరక మిగులుతుంది.

నీలం చీటీలు చాలా తక్కువ పడతాయి. ఎరుపులు పదీ నీలం ఒకటీ ఉన్న నవలలో హీరోయిన్‌ని కథ ఈడ్చుకెళ్తోందని చెప్పడానికి మీకు అప్పటికే ఆధారం దొరికినట్టే.

5. బేరాన్ని విప్పడం

అసలు పని ఇక్కడుంది. బేరం కనిపించగానే ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి. మీ మాటల్లో రాసుకుంటే సందు పోతుంది. ఒక ఫే దొర ఇలా మాటిచ్చాడనుకోండి: 'ఈ కోట గడప దాటి వచ్చిన ఏ మనిషికీ తెల్లవారేలోగా నా చేత హాని జరగదు.' మాట మాటనీ విడిగా తట్టి చూడండి. 'నా చేత' అన్నాడు, సేనాని చేత జరగొచ్చు. 'తెల్లవారేలోగా' అన్నాడు, అతని రాజ్యంలో తెల్లవారడం అతని చేతిలోనే ఉందేమో. 'మనిషికీ' అన్నాడు, హీరోయిన్ సగం ఫే అని తర్వాతెప్పుడో బయటపడితే ఆ మాట ఆమెకు వర్తించదు. 'గడప దాటి వచ్చిన' అన్నాడు, ఎత్తుకొచ్చిన పిల్ల దాటి వచ్చినట్టా? 'హాని' అంటే ఏమిటో చెప్పనే లేదు.

మంచి నవల ఈ సందుల్లో ఒకదాన్ని వాడుకుంటుంది, ఆ సందు పాఠకుడి కళ్ల ముందే ఉంచుతుంది. మలుపు వచ్చాక వెనక్కి వెళ్లి వెతకండి. ఆ మాట ఎన్నో పేజీలో మొదటిసారి వినపడింది? చివరి 50 పేజీల్లోనే మొదటిసారి వినపడితే అది మలుపు కాదు, పిలక పట్టి లాగడం. అభిప్రాయంలో ఆ రెండు పేజీ నంబర్లూ ఇవ్వండి, ఇంకేం వాదించక్కర్లేదు.

అబద్ధం ఆడలేని ఫేని పట్టుకోవడానికి ఇంకో పద్ధతుంది. అతని సంభాషణల్లోంచి సూటిగా చెప్పిన వాక్యాలు ఏరండి. ప్రశ్నలు, 'అయితే', 'అనుకో', సగంలో ఆపిన మాటలు లెక్కలోకి రావు. తెలివైన రచయిత ఫే చేత ఎక్కువగా మాట్లాడించేది అవే. 'నీ మీద నాకు ప్రేమ లేదు' అని సూటిగా అని, తర్వాతి భాగంలో 'మొదటి రోజు నుంచీ ప్రేమించాను' అన్నాడంటే రెండిట్లో ఒకటి అబద్ధం. సిరీస్ సాగుతున్నకొద్దీ ఈ తప్పు దొర్లుతుంది. మొదటి భాగం రాసేటప్పుడు అతన్ని హీరో చేసే ఉద్దేశం రచయితకు ఉండకపోవచ్చు. మొదటి భాగంలో విలన్, మూడో భాగంలో ప్రియుడు అయిన పాత్ర ఉంటే ముందు అక్కడే తవ్వండి.

6. ప్రేమను తూచడం

మేట్ బాండ్, అంటే విధి ఇద్దర్ని జంటగా ముడివేసే బంధం, ఉన్న నవలకు ఒకటే పరీక్ష. బంధం బయటపడిన దృశ్యాన్ని చేత్తో మూసేయండి. అంతకు ముందు ఇద్దరూ ఒకరినొకరు ఎంచుకున్న సందర్భాలు కనీసం మూడు దొరుకుతున్నాయా? దొరికితే బంధం వాళ్ల ప్రేమకు ముద్ర. దొరక్కపోతే రచయిత చేయాల్సిన పని విధికి అప్పగించారు.

హీరోకి ఐదొందల ఏళ్లు, అమ్మాయికి పంతొమ్మిది. ఈ తేడా మీద మండిపడి ఆగిపోయే అభిప్రాయాలు చాలా ఉన్నాయి. ఆ అంకె ఈ తరహా కథలకు పుట్టుమచ్చ, దానితో పెద్దగా తేలేది లేదు. ఆమె వద్దంటే ఏమవుతుందో చూడండి. బయటికి తలుపుందా, డబ్బుందా, ఆమె మాట వినే మూడో మనిషి ఉన్నారా? ఇక మాయలో ఉండగానో, ఫే మద్యం తాగాకనో జరిగిన దృశ్యం సమ్మతి కాదు. తర్వాతి అధ్యాయంలో ఆ సంగతి కథకు తెలిసినట్టుందా, ముద్దుగా దాటేసిందా అన్నదాన్ని బట్టి నవల తీరు తెలుస్తుంది.

'అలాంటి కథల్లో ఇవన్నీ ఎవరు చూస్తారండీ' అనేవాళ్లకు శతపథ బ్రాహ్మణంలో ఊర్వశి పెట్టిన షరతులు చూపించండి. నా ఇష్టం లేకుండా నన్ను చేరకూడదు, నువ్వు నగ్నంగా నాకు కనపడకూడదు. గంధర్వులు ఆమె మంచానికి కట్టిన గొర్రెపిల్లలను ఎత్తుకెళ్తారు, పురూరవుడు బట్ట కట్టుకునే తీరిక లేకుండా లేచి పరుగెత్తుతాడు, అదే అదనుగా మెరుపు మెరిపిస్తారు. షరతు తప్పింది, ఆమె మాయం. మర్త్యుడు, అమర్త్య, ఒప్పందం, సందు, వెల. ఫే రొమాన్స్‌కి కావలసిన దినుసులన్నీ అక్కడే ఉన్నాయి, సమ్మతితో సహా.

7. చీకటి ఎంత

రక్తం ఎక్కువైతే చీకటి కాదు. పోయినది తిరిగి రాకపోతే చీకటి. 'ది క్రూయెల్ ప్రిన్స్' మొదట్లోనే ఒక రెడ్‌క్యాప్ సేనాని హీరోయిన్ తల్లిదండ్రుల్ని చంపి, ఆ పిల్లల్ని తీసుకెళ్లి తనే పెంచుతాడు. రెడ్‌క్యాప్ అంటే ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు కోటల జానపదంలో టోపీని మనుషుల రక్తంలో ముంచుకునేవాడు. హత్య కొన్ని పేజీల్లో అయిపోతుంది. చంపినవాడి మీదే పిల్లకు మమకారం కలగడం, ఆ మమకారాన్ని ఆమె అసహ్యించుకోవడం కథ పొడుగునా ఉంటుంది. బరువు అక్కడుంది.

మరి క్రూరత్వాన్ని చూపించే నవలకూ మెచ్చుకునే నవలకూ తేడా ఎలా పట్టాలి? నొప్పి పడ్డవాళ్ల గురించి ఆ తర్వాత కథ మాట్లాడిందా చూడండి. హీరో చేసిన హింసకు అతనికేమైనా పోయిందా, లేక గతంలో అతను పడ్డ బాధ ఒక పేజీలో చెప్పి ఖాతా మాఫీ చేశారా? చచ్చినవాళ్లు చివర్లో వరసగా లేచొస్తే ఆ భాగానికి డార్క్ అన్న మాట వాడకండి.

8. రాయడం

పుస్తకం మూసిన రాత్రే రాయకండి. ఈ నవలలు ఉత్కంఠలో ఆపుతాయి, ఆ వేడిలో ఐదు నక్షత్రాలూ పడిపోతాయి. రెండు రోజులు ఆగి చీటీలు మాత్రం తిరగేయండి. 500, 600 మాటలు సరిపోతాయి. మొదట ఏ అర, సిరీస్‌లో ఎన్నోది, ఎవరికి పనికొస్తుంది. ఆ వెంటనే హెచ్చరికలు, పేరు పెట్టి: చిత్రహింస, బలవంతం, పిల్లల మరణం, మత్తులో లైంగిక దృశ్యం. 'కొంచెం డార్క్' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. కథ రెండు మూడు వాక్యాలు మించకూడదు. నవల మొదటి ఐదో వంతు దాటిన సంగతి ఏదైనా స్పాయిలర్ కిందే లెక్క. అక్కడి నుంచి ఒక్క బేరం తీసుకుని విప్పి చూపించండి. అభిప్రాయంలో సగం దానికే ఇవ్వండి.

'వరల్డ్ బిల్డింగ్ వీక్' అని రాసేకన్నా 'ఇనుప సంకెళ్లు 90వ పేజీలో చర్మాన్ని కాల్చాయి, 310లో అదే హీరో ఇనుప తలుపు చేత్తో తోశాడు' అని రాయండి. నచ్చకపోయినా అంతే, నచ్చినా అంతే.

9. నలుగురితో మాట్లాడేటప్పుడు

ఐదారుగురు కూచుంటే చాలు, గంటన్నర. ఆదివారం సాయంత్రం ఆర్‌కే బీచ్ వద్దు, జనం, అలల హోరు, పేజీ నిలవనివ్వని గాలి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చదువుకోవచ్చు గానీ చదివేవాళ్ల మధ్య వాదించలేం. ఎంవీపీ కాలనీలో ఎవరింటి డాబా అయినా మేలు. ఒక్కొక్కరూ ఒక్క ఎర్ర చీటీ పేజీ తేవాలి. ఎవరు ఎన్నో అధ్యాయం దాకా వచ్చారో ముందు అడగండి, అందరికన్నా వెనకున్నవాళ్ల దగ్గరే చర్చ ఆగాలి. పిన్ని వరసవాళ్లూ కాలేజీ పిల్లలూ కలిసి కూచున్నప్పుడు పడకగది పేజీలు చదివి వినిపించొద్దు, పేజీ నంబరు చెబితే అర్థం చేసుకుంటారు.

ఎవరో ఒకరు 'ఏటమ్మా, ఆడు ఫే గదా, అలాగే ఉంటాడు' అని తీరతారు. అప్పుడు పసుపు చీటీలు తీయండి. ఫే అలా ఉంటాడని ఆ నవల ఎక్కడ చెప్పింది, ఎన్నో పేజీలో?

తర్వాతి భాగం వచ్చి మీ మాట మారితే పాత అభిప్రాయం చెరపకండి. కింద తేదీ వేసి, ఏ పేజీ చదివాక మారిందో కలపండి.